మిగిలిపోయిన ఎంటర్

తిరుపతి

పిల్లలూ,

మీరు పంపిన మామిడి మండీ ప్రోగ్రాము అందింది. దామలచెరువు, బంగారుపాళ్యం యార్డుల్లో తోతాపురి లోడు దిగినప్పుడు రాసుకునే పద్దును జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో పెట్టాలనుకోవడం మంచి పనే. మీ మెనూలో ఉన్నవి: 1 కొత్త లోడు, 2 జాబితా, 3 మొత్తం తూకం, సగటు, 4 రైతు పేరుతో వెతకడం, 5 బయటికి. మొదటి ప్రోగ్రాముకు ఈ అయిదూ చాలు.

మీ ఫిర్యాదు ఇది: 1 నొక్కగానే రైతు పేరు అడగాల్సింది పోయి ‘రైతు పేరు: తూకం:’ అని రెండూ ఒకే వరసలో వచ్చేస్తున్నాయి. సరే కదా అని పేరు కొడితే ఇన్‌పుట్ మిస్‌మ్యాచ్ ఎక్సెప్షన్ (అడిగిన రకానికి సరిపోనిది అందిందనే తప్పు) అంటూ ఎర్రటి వరసలు పడి ప్రోగ్రాము ఆగిపోతోంది. మీరేమో తూకం చదివే వరసను నాలుగు రకాలుగా మార్చి చూశారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కోడులో పడితే ఉన్న తప్పు అలాగే ఉంటుంది, కొత్తవి రెండు చేరతాయి. చేయి పెట్టకముందు ఆ ఎర్ర వరసలు చదవండి. పైవరసలో తప్పు పేరు ఉంటుంది. దాని కింద స్కానర్ (కీబోర్డులో కొట్టింది చదివే జావా పనిముట్టు) లోపలి వరసలు మూడో నాలుగో వస్తాయి, వాటిని దాటేయండి. మీ ఫైలు పేరు, పక్కన వరస నంబరు మొదటిసారి ఎక్కడ కనబడుతుందో అక్కడ ఆగండి. అక్కడ ఉన్నది నెక్స్ట్ డబుల్, అంటే తూకాన్ని దశాంశాలు పట్టే అంకెగా చదివే వరస. ప్రోగ్రాము కుప్పకూలింది అక్కడే గానీ తప్పు జరిగింది దానికి రెండు వరసల పైన.

ఎలాగంటారా? మీరు 1 కొట్టి ఎంటర్ నొక్కితే ప్రోగ్రాముకు చేరేవి రెండు: 1 అనే అక్షరం, వరస ముగిసిందని చెప్పే గుర్తు. ఎంటర్ కంటికి కనబడదు గానీ అదీ ఒక అక్షరమే. విండోస్‌లో అయితే అది రెండు అక్షరాల జంట. మెనూ నంబరు చదివే నెక్స్ట్ ఇంట్ తనకు కావలసిన 1 తీసుకుని ఆగిపోతుంది. కాయ తీసుకుని తొడిమను గంపలోనే వదిలేసినట్టు, ఎంటర్‌ను ముట్టుకోదు. తర్వాత మీరు పిలిచిన నెక్స్ట్ లైన్ పని ‘వరస చివరిదాకా ఉన్నదంతా ఇవ్వు’ అనడం. దానికి ముందుగా దొరికేది ఆ మిగిలిన ఎంటరే. వరస అయిపోయిందనుకుని ఖాళీ పేరు చేతికిస్తుంది. మీరు పేరు కొట్టే సమయానికి ప్రోగ్రాము తూకం దగ్గర కాచుకుని ఉంది. దానికి అంకె కావాలి, అందింది పేరు.

మీలో ఒకరు పేరు చదవడానికి నెక్స్ట్ లైన్ బదులు ఉత్త నెక్స్ట్ వాడితే పని జరిగిందని రాశారు. ‘రమణ’ అని కొట్టి చూసి ఉంటారు. ‘వెంకట రమణ’ అని కొట్టండి. నెక్స్ట్ ఖాళీ జాగా రాగానే ఆగుతుంది కాబట్టి ‘వెంకట’ పేరులోకి పోతుంది, ‘రమణ’ తూకంలోకి పోతుంది, మళ్ళీ అదే ఎక్సెప్షన్. పైకి కనబడే జబ్బు ఒకటే, కారణాలు రెండు. ఏది ఏదో తేల్చాలంటే పేరు చదివిన వెంటనే దాన్ని రెండు చదరపు బ్రాకెట్ల మధ్య ప్రింటు చేయించండి. బ్రాకెట్ల మధ్య ఏమీ లేకపోతే ఎంటర్ మిగిలిందని, ‘వెంకట’ ఒక్కటే ఉంటే పేరు విరిగిందని అర్థం. బ్రాకెట్లు లేకుండా ప్రింటు చేస్తే ఖాళీ పేరు కంటికి ఆనదు. ఇంకో మాట, ఇలా పరీక్షించేటప్పుడు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. విండోస్ కన్సోల్‌లో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారడం అక్షరాల ఎన్‌కోడింగ్ గొడవ, దానికీ మీ లాజిక్‌కూ సంబంధం లేదు.

నెక్స్ట్ ఇంట్ కింద ఉత్త నెక్స్ట్ లైన్ ఒకటి పెట్టి ఆ ఎంటర్‌ను పారబోయమని చాలామంది చెబుతారు. పని జరుగుతుంది. కానీ అంకె చదివిన ప్రతిచోటా అది గుర్తుంచుకోవాలి, ఒక్కచోట మరిచినా కథ మొదటికే. నా మాట వింటే మెనూ నంబరుతో సహా అన్నీ నెక్స్ట్ లైన్‌తోనే చదవండి. వరస మొత్తం చేతికొచ్చాక దాన్ని ఇంటీజర్ పార్స్‌ఇంట్‌తో అంకెగా మార్చండి. మార్చే ముందు అటూ ఇటూ ఉన్న స్పేసులను కత్తిరించే ట్రిమ్ పిలవాలి. 1 తర్వాత ఒక స్పేసు పొరపాటున పడినా పార్స్‌ఇంట్ ఒప్పుకోదు, నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ విసురుతుంది. తూకాన్ని అంకెగా మార్చే డబుల్ పార్స్‌డబుల్ మాత్రం అటూ ఇటూ ఉన్న స్పేసులను తానే వదిలేస్తుంది. ఈ తేడా తెలియక తూకం దగ్గర రాని తప్పు మెనూ దగ్గర ఎందుకొచ్చిందని తల పట్టుకుంటారు.

తెర మీద ‘తప్పు నంబరు, మళ్ళీ కొట్టండి’ అని ఆగకుండా పరిగెడుతోందన్నారే, అది కూడా ఈ కుటుంబంలోదే. ముందు కంట్రోల్, సి కలిపి నొక్కి ఆపండి. మీరు నెక్స్ట్ ఇంట్‌ను ట్రైలో (తప్పు రావచ్చనుకునే చోట) పెట్టి, తప్పు వస్తే నడిచే క్యాచ్‌లో ఆ హెచ్చరిక రాశారు. ఎవరో 2 బదులు ‘రెండు’ అని కొట్టారు. నెక్స్ట్ ఇంట్ దాన్ని చూసి అంకె కాదంది గానీ తీసి పక్కన పెట్టలేదు. లూపు (మెనూను మళ్ళీ మళ్ళీ నడిపే భాగం) తిరిగి వచ్చేసరికి ‘రెండు’ అక్కడే ఉంది. మళ్ళీ ఎక్సెప్షన్, మళ్ళీ హెచ్చరిక. వరస మొత్తం ముందే చదివేసుకునే పద్ధతిలో ఈ బెడద ఉండదు, ఎందుకంటే మార్చడం కుదరకపోయినా ఆ వరస అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

ఇక స్విచ్, అంటే నొక్కిన నంబరును బట్టి దాని పనికి (కేసుకు) పంపే భాగం. 1 నొక్కితే లోడు రాసుకుని, ఆ వెంటనే జాబితా చూపి, మొత్తం చెప్పి, పేరు కూడా అడుగుతోందంటే కేసుల చివర బ్రేక్‌లు లేవు. బ్రేక్ దొరికేదాకా జావా కింది కేసుల్లోకి జారిపోతూనే ఉంటుంది. 5 దగ్గర బ్రేక్ పెట్టినా ప్రోగ్రాము ముగియకపోవడం వేరే సంగతి: ఆ బ్రేక్ స్విచ్‌లోంచి మాత్రమే బయటపడుతుంది, చుట్టూ ఉన్న వైల్ లూపు తిరుగుతూనే ఉంటుంది. ‘నడుస్తోంది’ అనే బూలియన్ (అవును, కాదు అనే రెండే విలువలు పట్టేది) ఒకటి పెట్టుకుని, అది అవును అన్నంతసేపే లూపు తిరిగేలా రాసి, 5 దగ్గర దాన్ని ఫాల్స్ చేయండి. 2020లో వచ్చిన జావా 14 నుంచి బాణం గుర్తుతో రాసే స్విచ్ ఉంది, దాంట్లో ఈ జారుడు లేదు. ల్యాబ్ రికార్డులు ఇంకా పాత రూపమే అడుగుతాయి కాబట్టి రెండూ నేర్చుకోక తప్పదు.

1 నొక్కి లోడు రాశాక 2 నొక్కితే జాబితా ఖాళీగా వస్తోందా? లోడులను దాచుకునే అర్రే లిస్ట్‌ను లూపు లోపల న్యూ చేస్తున్నారు. మెనూ తిరిగినప్పుడల్లా కొత్త పుస్తకం తెరుస్తున్నారన్నమాట. ఆ ఒక్క వరసను లూపు పైకి తీసుకుపోండి.

4వ పని దగ్గర వచ్చిన తప్పు తమాషాగా ఉంటుంది. జాబితాలో ఉన్న పేరే కొట్టినా ‘లేదు’ అంటోంది. రెండు పేర్లను == తో పోల్చారు. అది రెండు వస్తువులూ ఒక్కటేనా అని అడుగుతుంది, అక్షరాలను చూడదు. కోడులోనే కోట్‌ల మధ్య రాసిన పేర్లతో పరీక్షిస్తే == పనిచేసినట్టే కనబడుతుంది, ఎందుకంటే ఒకేలా ఉన్న కోట్ మాటలకు జావా ఒకే వస్తువును వాడుకుంటుంది. కీబోర్డు నుంచి వచ్చిన పేరు మాత్రం ప్రతిసారీ కొత్త వస్తువు. అందుకే ‘నేను చూసినప్పుడు బాగానే ఉంది’ అన్న మాట వస్తుంది. ఈక్వల్స్ వాడండి, పెద్దక్షరం చిన్నక్షరం పట్టింపు లేకపోతే ఈక్వల్స్ ఇగ్నోర్ కేస్.

సగటు తప్పు రావడానికి కారణం మొత్తాన్ని ఇంట్‌లో పెట్టి చేసిన భాగహారం. మూడు లోడులు కలిపి 7 టన్నులనుకోండి, పూర్ణాంకాలే పట్టే ఇంట్‌ను ఇంట్‌తో భాగిస్తే 2 వస్తుంది. ఆ ఫలితాన్ని డబుల్‌లో దాచినా 2.0 అవుతుందే తప్ప పోయిన ముక్క తిరిగి రాదు, భాగహారం అప్పటికే అయిపోయింది. భాగించే ముందే ఒకదాన్ని డబుల్‌గా మార్చాలి. లోడు ఒక్కటీ రాయకుండా 3 నొక్కి చూశారా? ఇంట్‌లో అయితే సున్నాతో భాగించినందుకు అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్, డబుల్‌లో అయితే ‘నాన్’ (అంకె కాదు) అని విచిత్రమైన జవాబు. జాబితా ఖాళీ అయితే ‘ఇంకా లోడు రాలేదు’ అని ముందే చెప్పించండి. రూపాయల లెక్క చేర్చదలిస్తే డబుల్ వద్దు, 0.1కి 0.2 కలిపితే జావా 0.30000000000000004 అంటుంది. పైసలుగా మార్చి, పెద్ద పూర్ణాంకాలు పట్టే లాంగ్‌లో పెట్టండి. కిలో 8 రూపాయల చొప్పున 2500 కిలోలంటే 20,00,000 పైసలు, చూపేటప్పుడు 100తో భాగించి 20,000 రూపాయలని రాస్తే సరిపోతుంది.

ప్రతి మార్పుకూ ఇవన్నీ చేత్తో కొట్టడం విసుగు. కొట్టాల్సినవన్నీ వరసకొకటిగా ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, ప్రోగ్రాము నడిపేటప్పుడు < గుర్తు తర్వాత ఆ ఫైలు పేరు ఇవ్వండి. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో చేయండి, విండోస్‌లోని ఇంకో కమాండ్ తెర అయిన పవర్‌షెల్‌లో ఆ గుర్తు పనిచేయదు. ఫైలులో ఆఖరి వరస 5 ఉండాలి. లేకపోతే చదవడానికి వరస దొరక్క నో సచ్ ఎలిమెంట్ ఎక్సెప్షన్ వస్తుంది. స్కానర్‌ను ఒక మెథడ్‌లో (పేరు పెట్టిన కోడు ముక్కలో) క్లోజ్ చేసి ఇంకో మెథడ్‌లో కొత్తది తెరిచినా వచ్చేది ఇదే, క్లోజ్ చేసినప్పుడు కీబోర్డు దారి కూడా మూసుకుపోతుంది కాబట్టి. ప్రోగ్రాము మొత్తానికి ఒక్క స్కానర్ పెట్టుకుని మెథడ్‌లకు అదే అందించండి.

ఒక్క మార్పు చేయడం, ఫైలుతో నడపడం, చూడడం, ఆ తర్వాతే రెండోది. బ్రాకెట్ల ప్రింటులతో తేలకపోతే ఎక్లిప్స్ అనే కోడు రాసే సాఫ్ట్‌వేర్‌లో వరస పక్కన బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాము ఆగాల్సిన చోటు గుర్తు) పెట్టి ఎఫ్6 నొక్కుతూ ఒక్కో వరస నడిపించండి, పేరులో, నంబరులో ఏముందో పక్కనే కనబడుతుంది.

మళ్ళీ రాసేటప్పుడు తెర ఫోటో పంపకండి, నా కళ్ళకు ఆ అక్షరాలు ఆనవు. ఎర్ర వరసలన్నీ కాపీ చేసి, మీరు ఏం కొట్టారో వరసగా రాసి, ఏం రావాలనుకున్నారో కూడా ఒక ముక్క చేర్చి పంపండి.

మీ
పెదనాన్న