సెలైన్‌లో కణం సంగతి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

సెలైన్ అంటే లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పేగా, ల్యాబు వాళ్లు దాన్ని సీసాల్లో కొనడమెందుకు, ఇంట్లోనే కలిపేయొచ్చుగా అని మొన్న ఫోన్లో అడిగారు. చిన్నోడి లెక్క కరెక్టే. చిక్కంతా మిగతా వాటిలో ఉంది.

మూడు టెస్ట్ ట్యూబులు అనుకోండి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఒకదాంట్లో 0.9 శాతం సెలైన్, ఇంకోదాంట్లో బాగా ఉప్పటి నీళ్లు. ఒక్కో చుక్క రక్తం వేసి, ట్యూబు వెనక పేపరు పెట్టి చూస్తాం. మొదటి దాంట్లోంచి అక్షరాలు చక్కగా చదవొచ్చు. ఎర్రకణాలు నీళ్లు పీల్చుకుని పగిలిపోయాయి, వాటి రంగు నీళ్లలో కలిసిపోయింది. సెలైన్‌లో అక్షరాలు కనపడవు, ఎందుకంటే కణాలు చెక్కుచెదరకుండా తేలుతున్నాయి. మూడోదీ మసకే, కానీ మైక్రోస్కోపులో చూస్తే కణాల అంచులు ముళ్లుముళ్లుగా ముడుచుకుపోయి ఉంటాయి. మాగాయ ముక్కకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుందే, అదే పని. (రక్తంతో ప్రయోగాలు ఇంట్లో మాత్రం వద్దు. మీ అమ్మ నన్ను తిడుతుంది.)

సెలైన్‌లో సూక్ష్మజీవులు ఉండకూడదు. దానికి మరగబెడితే చాలదా అంటారేమో. కొన్ని బాక్టీరియాల స్పోర్లు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) మరిగే నీళ్లలోనూ చావవు. అందుకే ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 15 పౌండ్ల ఒత్తిడితో 121 డిగ్రీల దగ్గర 15, 20 నిమిషాలు ఉంచుతారు. పైగా వంటింటి ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడి కూడా ఉంటాయి.

ఇంత జాగ్రత్తగా చేసినా సెలైన్ కణం ఆకారాన్ని కాపాడుతుందే గానీ తిండి పెట్టదు, కణం పని చేయడానికి కావలసిన మిగతా లవణాలూ ఇవ్వదు. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెను ఉప్పునీళ్లలో కొట్టుకునేలా చేశాడు. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపానని అనుకున్నాడు గానీ, తీరా అది కుళాయి నీళ్లని తేలింది! నిజంగా డిస్టిల్డ్ వాటర్ వాడితే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాల్షియమే దాన్ని నడిపిందని 1883లో రాశాడు. నాకు ఈ కథంటే భలే ఇష్టం.

అందుకే ల్యాబులో సెలైన్‌తో ఎర్రకణాలు కడుగుతారు, కణజాలం ముక్కకు అంటిన రక్తం వదిలిస్తారు. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.4 దగ్గర నిలవాలంటే ఫాస్ఫేట్ కలిపిన సెలైన్, అంటే పీబీఎస్ వాడతారు. రోజుల తరబడి కణాలు పెరగాలంటే మాత్రం గ్లూకోజు, అమైనో ఆమ్లాలున్న కల్చర్ మీడియంలో, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాల్సిందే.

సెలవుల్లో విజయవాడ నుంచి వచ్చేటప్పుడు మీ మైక్రోస్కోపు తెచ్చుకోండి. ఉల్లిపొర మీద ఉప్పునీళ్లు వేసి చూద్దాం.

మీ తాతయ్య