క్లాసిక్ కారుకు ఏసీ: కనెక్టర్లపై అపోహలు - వాస్తవాలు

పాత కారుకు ఏసీ పెట్టించుకున్నవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. "కంప్రెసర్ కొత్తది, గ్యాస్ సరిపడా ఉంది. బాగా ఎండగా ఉన్నప్పుడు మాత్రం క్లచ్ దగ్గర కీచుమంటోంది, కాలిన వాసన వస్తోంది, చల్లదనం పోతోంది. కంప్రెసర్ పోయిందంటున్నారు, మార్చేయాలా?" తొందరపడకండి. ఇక్కడ క్లచ్ అంటే కారు పెడల్‌ది కాదు, ఇంజిన్ బెల్టుతో తిరిగే పుల్లీకి కంప్రెసర్‌ను అయస్కాంతంతో జతచేసే భాగం. కంప్రెసర్ విప్పేముందు దానికి కరెంటు తెచ్చే ప్లగ్గులను (కనెక్టర్లను) ఒక్కొక్కటిగా చూడండి.

అపోహ: ప్లగ్ బిగుతుగా కూర్చుంది, టెస్ట్ లైట్ వెలిగింది. ఇక కనెక్టర్ బాగున్నట్టే.

అందరి జేబుకూ ఎక్కువ చిల్లు పెడుతున్నది ఈ నమ్మకమే. టెస్ట్ లైట్ వెలగడానికి చాలా తక్కువ కరెంటు చాలు. కంప్రెసర్ క్లచ్ కాయిల్ 12 వోల్ట్ల దగ్గర సుమారు 4 ఆంప్స్ లాగుతుంది, అంటే కాయిల్ రెసిస్టెన్స్ 3 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. దారిలో తుప్పు పట్టిన పిన్నో, వదులైన క్రింపో (టెర్మినల్ రెక్కలు వైరును నొక్కి పట్టే చోటు) మరో అర ఓమ్ కలిపిందనుకోండి. కరెంటు 3.4 ఆంప్స్‌కు పడిపోతుంది, కాయిల్‌కు అందేది 10.3 వోల్ట్లే. అయస్కాంతం లాగే బలం కరెంటు వర్గానికి అనుగుణంగా మారుతుంది కాబట్టి క్లచ్ పట్టులో నాలుగో వంతు పోయినట్టే. చల్లని పూట ఇది బయటపడదు. ఎండలో గ్యాస్ ప్రెషర్ పెరిగి కంప్రెసర్ తిప్పడం బరువైనప్పుడు క్లచ్ జారుతుంది. జారితే వేడెక్కుతుంది, వేడికి కాయిల్ రెసిస్టెన్స్ పెరిగి పట్టు ఇంకా తగ్గుతుంది. చివరికి క్లచ్ కాలిపోతుంది, నింద కంప్రెసర్ మీద పడుతుంది. కొత్తది బిగించినా అదే ప్లగ్ దాన్నీ కాలుస్తుంది.

పట్టుకునే పద్ధతి వోల్టేజ్ డ్రాప్ పరీక్ష. ఇంజిన్ నడుస్తూ, ఏసీ ఆన్‌లో ఉండి, క్లచ్ పట్టి ఉండగా చేయాలి. మల్టీమీటర్‌ను డీసీ వోల్ట్లలో పెట్టి ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్‌కు, నల్ల ప్రోబ్ క్లచ్ ప్లగ్ వెనకవైపు నుంచి టెర్మినల్‌కు తాకించండి. అర వోల్ట్ లోపు ఉంటే దారి మొత్తం బాగున్నట్టు. ఎక్కువుంటే ఫ్యూజ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), ప్రెషర్ స్విచ్, థర్మోస్టాట్... ఒక్కో ప్లగ్‌కు అటూ ఇటూ పెట్టి కొలవండి. ఏ ఒక్క ప్లగ్ దగ్గర 0.1 వోల్ట్ దాటినా దోషి అదే. ఓమ్ మీటర్‌తో చూసి తేల్చేయకండి: అది పంపే కరెంటు అతి స్వల్పం, పది పోగులు తెగి రెండే మిగిలిన వైరు కూడా దానికి మంచిదిగానే కనిపిస్తుంది.

ఎర్త్ వైపూ ఇలాగే కొలవాలి. ఒకే వైరు ఉండే క్లచ్‌లో ఎర్త్ కంప్రెసర్ బాడీ గుండా పోతుంది. ముచ్చటగా పెయింట్ వేయించిన కొత్త బ్రాకెట్ ఆ దారిని మూసేస్తుంది. బోల్టు కూర్చునే చోట రంగు గీకండి, లేదా విడిగా ఎర్త్ వైరు లాగండి.

ఇంకో హెచ్చరిక. ప్రోబ్‌ను ఫీమేల్ టెర్మినల్‌లోకి (పిన్ దూరే లోహపు గూటిలోకి) ముందువైపు నుంచి గుచ్చకండి. దాని నోరు తెరుచుకుని స్ప్రింగ్ పట్టు పోతుంది, పరీక్ష పేరుతో మీరే కొత్త లోపం పెట్టినట్టు.

కారు లోపలికి చల్లగాలి తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్ దగ్గర ఇదే లోపం నిప్పు రూపంలో కనిపిస్తుంది. ఫుల్ స్పీడ్‌లో మోటార్ 20 ఆంప్స్ లాగితే, 0.05 ఓమ్ ఉన్న ప్లగ్ 20 వాట్ల వేడి పుట్టిస్తుంది. వేలెడంత ప్లాస్టిక్ ముక్కలో చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. ఫ్యూజ్ ఎగరదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. బ్లోయర్ ప్లగ్ గోధుమరంగుకు తిరిగితే హౌసింగ్ (ప్లాస్టిక్ డొల్ల) ఒక్కటే మార్చి వదిలేయకండి. లోపలి టెర్మినల్‌నూ, నల్లబడిన మేర వైరునూ కోసి పారేయాలి. ఎదుటి పిన్ రంగు మారి ఉంటే అదీ మార్చాలి.

అపోహ: ఫొటోలో ఒకేలా ఉంటే ఒకటే కనెక్టర్.

కాదు. వెర్నియర్‌తో బ్లేడ్ (చదునైన పిన్) వెడల్పు కొలవండి: 2.8, 4.8, 6.3, 9.5 మి.మీ. రకాలు ఎక్కువగా తగులుతాయి. తర్వాత పిన్నుల మధ్య దూరం, లాక్ ఏ వైపుందో, హౌసింగ్ మీద అచ్చుపోసిన నంబర్ చూడండి. మెట్రీ-ప్యాక్ అనే కనెక్టర్ల రకంలో సిరీస్ నంబరే వెడల్పు చెబుతుంది: 150 అంటే 1.5 మి.మీ., గరిష్ఠంగా 14 ఆంప్స్. 280 అంటే 2.8 మి.మీ., 30 ఆంప్స్. వెదర్-ప్యాక్ అనే మరో రకం గరిష్ఠం 20 ఆంప్స్. ఇవన్నీ తగిన లావు వైరుతో వచ్చే అంకెలు, ఇంజిన్ వేడిలో అంత దాకా నెట్టకూడదు. కాబట్టి క్లచ్‌కు, ప్రెషర్ స్విచ్‌కు వెదర్-ప్యాక్ బేషుగ్గా సరిపోతుంది. 20 ఆంప్స్ బ్లోయర్‌కు వద్దు, 6.3 మి.మీ. బ్లేడ్ రకం తీసుకోండి.

మేల్, ఫీమేల్ అనేది లోపలి లోహపు ముక్కను బట్టి, ప్లాస్టిక్ ఆకారాన్ని బట్టి కాదు. తిరిగి పంపాల్సి వచ్చే ఆర్డర్లు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. కరెంటు వచ్చే వైపు ఫీమేల్ ఉంచండి, ప్లగ్ ఊడినా బాడీకి తగలదు.

రబ్బరు సీల్ ఎంచుకోవాల్సింది రాగి మందాన్ని బట్టి కాదు, వైరు పైతొడుగు వ్యాసాన్ని బట్టి. రాగి ఒకే గేజ్‌లో ఉన్నా టీఎక్స్ఎల్ రకం వైరు తొడుగు సన్నం, జీఎక్స్ఎల్ రకానిది లావు. సీల్ వదులైతే ఇంజిన్ కడిగిన నీళ్లు వైరు వెంబడే లోపలికి దిగుతాయి. హౌసింగ్, టెర్మినళ్లు, సీళ్లు, వెనక లాక్ విడివిడిగా అమ్ముతారు. నాలుగూ రాసుకుని ఆర్డర్ చేయండి, టెర్మినళ్లు, సీళ్లు రెట్టింపు తెప్పించండి. క్రింప్ ఒకసారి చెడితే ఆ టెర్మినల్ మళ్లీ పనికిరాదు.

అపోహ: క్రింప్ కన్నా సోల్డర్ గట్టి. సోల్డర్ పోగుల్లోకి పాకి వైరును బిరుసు చేస్తుంది, అదురుకు సరిగ్గా అది ఆగిన చోటే తెగుతుంది. తగిన డై ఉన్న క్రింపర్ వాడండి: ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు తొడుగునూ సీల్‌నూ పట్టాలి. రాగి కొసలు ముందు రెక్కలు దాటి అర మిల్లీమీటరో, ఒకటో కనబడాలి. పూర్తయ్యాక లాగి చూడండి.

అపోహ: గ్రీజు రాస్తే కరెంటు బాగా పారుతుంది. డైఎలక్ట్రిక్ గ్రీజు కరెంటును పారనివ్వదు. దాని పని తేమను ఆపడం, సీల్‌ను కాపాడడం. వదులు పిన్నుకు అది మందు కాదు.

అపోహ: ట్రైనరీ స్విచ్ ఉంటే ఫ్యాన్‌కు రిలే అక్కర్లేదు. గ్యాస్ ప్రెషర్ మరీ తగ్గినా, మరీ పెరిగినా కంప్రెసర్‌ను ఆపి, మధ్యలో ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్ ఇది. దాని ఫ్యాన్ కాంటాక్టులు రిలే కాయిల్‌ను నడపడానికే. ఫ్యాన్ కరెంటు నేరుగా పంపితే అతుక్కుపోతాయి.

అపోహ: పాజిటివ్ ఎర్త్ బండికైనా కిట్‌ను అలాగే కలిపేయొచ్చు. 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఉంటుంది. క్లచ్ కాయిల్‌కు ఎటు కలిపినా ఒకటే. పర్మనెంట్ మాగ్నెట్ బ్లోయర్ మాత్రం వెనక్కి తిరిగి గాలి సరిగా తోయదు, ఎలక్ట్రానిక్ థర్మోస్టాట్ కాలిపోవచ్చు. క్లచ్ ఆగినప్పుడు వచ్చే వోల్టేజ్ పోటు నుంచి రిలేను కాపాడే డయోడ్ తిరగబడి నేరు షార్ట్ అవుతుంది. డయోడ్ మీది గీత ఎప్పుడూ పాజిటివ్ వైపే ఉండాలి. ఇలాంటి బండికి ముందు నెగటివ్ ఎర్త్‌కు మార్చి, డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాకే కనెక్టర్ల జాబితా రాయండి. లూకాస్ సీ40-1 డైనమో ఇచ్చేదే 22 ఆంప్స్, అది ఒక్క బ్లోయర్‌కే సరి.