వెట్టి చాకిరీ: అపోహలు - వాస్తవాలు

ఇటుక బట్టీల్లో అప్పు కింద వెట్టిలో చిక్కుకున్న వలస కుటుంబాలకు విడుదల పత్రాలు, అంటే వెట్టి నుంచి విముక్తులయ్యారని ప్రభుత్వం రాసిచ్చే పత్రాలు, ఇప్పించే కేసులు చూసే న్యాయవాదిని నేను. బట్టీ యజమానుల నుంచే కాక, ఆ కుటుంబాలకు అండగా నిలవవలసిన అధికారుల నుంచి కూడా తరచూ వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: బానిసత్వం ఎప్పుడో రద్దయిపోయింది.

వాస్తవం: రద్దయింది, కానీ ఒక్కసారితో కాదు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను మినహాయించింది. 1843 నాటి చట్టం బానిసపై యజమాని హక్కును కోర్టులు గుర్తించకుండా చేసింది. బానిసల క్రయవిక్రయాలు శిక్షార్హమైన నేరం కావడానికి 1860 నాటి శిక్షాస్మృతి రావలసి వచ్చింది. ఈలోగా మారిషస్ చెరకు తోటల్లో విముక్తులైన బానిసల స్థానంలోకి ఒప్పంద కూలీలను తరలించారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కిన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. నిజాం రాజ్యంలో వెట్టి 1946-51 నాటి సాయుధ పోరాటానికి ముఖ్య కారణాల్లో ఒకటైంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించిన తరువాత కూడా, వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు.

అపోహ: వాళ్లంతట వాళ్లే వచ్చారు, అడ్వాన్సు తీసుకున్నారు, గేటుకు తాళం లేదు. ఇందులో బానిసత్వం ఎక్కడుంది?

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల్లో కోతల పని లేక చేతిలో పైసా ఆడని రోజుల్లో సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారి, ఊళ్లోకి వచ్చి, భార్యాభర్తలకూ ఒక బిడ్డకూ కలిపి అడ్వాన్సు ఇచ్చి, హైదరాబాద్ చుట్టుపక్కల బట్టీలకు తీసుకొస్తాడు. లెక్క వెయ్యి ఇటుకలకు ఇంత అని ఉంటుంది గనుక, రోజుకు ఎన్ని గంటలు పనిచేశారో, అందులో బిడ్డ పని ఎంతో ఎక్కడా నమోదు కాదు. నేను చూసిన ఒక ఖాతా పుస్తకంలో మొదటి పేజీలో అడ్వాన్సు, ఆ తరువాత ప్రతి వారం ఇచ్చిన తిండి ఖర్చు, మందుల ఖర్చు, వానకు కరిగిపోయిన పచ్చి ఇటుకల కోత వరుసగా రాసి ఉన్నాయి. జమ వైపు అంకెలు చాలా తక్కువ. అదంతా తెలుగులో ఉంది, ఆ కుటుంబానికి తెలుగు చదవడం రాదు. సీజను మధ్యలో ఊరికి వెళ్తామంటే ముందు బాకీ కట్టమంటారు, లేదా కుటుంబంలో ఒకరిని బట్టీలోనే వదిలి వెళ్లమంటారు. ఇక గేటుకు తాళంతో పనేముంది?

సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం బలవంతపు చాకిరీయేనని, ఆకలి, పేదరికం వల్ల వేరే దారి లేక ఒప్పుకోవడం కూడా బలవంతమేనని స్పష్టం చేసింది. దీన్ని చదవని విచారణాధికారి బట్టీ దగ్గర, యజమాని ఎదుటే, “మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?” అని అడిగి, లేదన్న జవాబు రాసుకొని వెళ్లిపోతాడు. ఆ విచారణను విచారణ అనడానికి నాకు మనసొప్పదు.

అపోహ: చట్టం ఏదైనా, తీసుకున్న అప్పు తీర్చవలసిందే కదా.

వాస్తవం: తీర్చనక్కరలేదు. వెట్టి అప్పు, అంటే చాకిరీతో తీర్చాలని కట్టిపడేసే అప్పు, 1976 నాటి చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం రద్దయింది. రద్దయిన అప్పు కింద డబ్బు తీసుకున్న యజమానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇది వెట్టి అప్పేనని కార్మికుడు చెబితే, కాదని నిరూపించవలసిన భారం 15వ సెక్షన్ యజమాని మీదే పెట్టింది. అయినా రాజీ పేరుతో పెద్దమనుషులు కూర్చుని “సగం కట్టించి పంపిద్దాం” అని తీర్మానాలు చేస్తూనే ఉన్నారు.

అపోహ: ఇది పేద దేశాల సమస్య.

వాస్తవం: అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 అంచనా ప్రకారం ప్రపంచంలో 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. వారిలో సగానికి పైగా ఎగువ మధ్యాదాయ, అధికాదాయ దేశాల్లోనే ఉన్నారు.

అపోహ: బట్టీ నుంచి బయటికి తెచ్చి రైలెక్కిస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: విడుదల పత్రం లేకుండా రైలెక్కించిన కుటుంబం, ప్రభుత్వ లెక్కల్లో అసలు వెట్టిలో లేనట్టే. కేంద్ర పునరావాస పథకం కింద తక్షణ సాయంగా 30,000 రూపాయల వరకు, ఆపైన పురుషులకు లక్ష, మహిళలకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో మూడు లక్షలు అందవలసి ఉన్నా, ఆ పెద్ద మొత్తాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. సాక్షులు ఒక రాష్ట్రంలో, కేసు మరో రాష్ట్రంలో ఉంటే వాయిదాలకు వచ్చేదెవరు? అందుకే విడుదలైన రోజునే కార్మికుల వాంగ్మూలాలు వాళ్ల భాషలో నమోదు చేయించడం, ఖాతా పుస్తకాన్ని స్వాధీనం చేయించడం, కుటుంబంలో ప్రతి ఒక్కరి పేరా, పిల్లల పేర్లతో సహా, విడివిడిగా పత్రం తీసుకోవడం మా పనిలో అత్యంత అవసరమైనవి. భర్త పేర ఒక్క పత్రమే ఇస్తే, ఆయనతో సమానంగా మట్టి పిసికిన భార్యకు రావలసిన రెండు లక్షలు అడగడానికి ఆధారమే ఉండదు.