నెలకోసారి తలుపు తట్టాల్సిన మనిషి

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో జనానికి బాగా గుర్తుండిపోయినవి రెండే. చూడని పిల్లలు నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇవ్వాలి. చూసుకుంటామని రాయించుకున్న ఆస్తి, చూసుకోకపోతే వెనక్కి పోతుంది. కానీ ఆ చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి పోలీస్ స్టేషన్ తన పరిధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల జాబితా రాసిపెట్టుకోవాలి. స్టేషన్ నుంచి ఒకరు, వీలైతే ఒక వాలంటీరును వెంటబెట్టుకుని, నెలకు ఒక్కసారైనా వాళ్లింటికి వెళ్లి పలకరించి రావాలి. స్టేషన్‌కో వాలంటీర్ల కమిటీ కూడా ఉండాలి. హైదరాబాద్‌లో మీ కాలనీకి అలా ఎవరైనా వచ్చారేమో అక్కడి పెద్దవాళ్లని ఒకసారి అడిగి చూడండి.

అడగడానికి పెద్దవాళ్లకేం కొదవ లేదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చాయి. 1967లో ఈసీఐఎల్, ఆ తర్వాత ఎన్ఎఫ్‌సీ వచ్చాయి. అన్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. జిల్లాల నుంచి వచ్చి వాటిలో చేరిన కుర్రాళ్లు హౌసింగ్ సొసైటీలు పెట్టుకుని, అప్పట్లో ఊరి చివర అనిపించుకున్న చోట ప్లాట్లు కొని, లోన్లు పెట్టి ఇళ్లు కట్టుకున్నారు. పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించారు. 2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై2కే పనుల పుణ్యమా అని ఆ పిల్లల్లో చాలామంది అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి అమెరికా విమానం ఎక్కారు. 1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచాక ఊళ్లోనే ఉద్యోగం దొరికినవాళ్లు కూడా గచ్చిబౌలి వైపు ఫ్లాట్లు కొనుక్కున్నారు. ఈసీఐఎల్ పక్కనున్న ఏఎస్ రావు నగర్ నుంచి అక్కడికి వెళ్లి రావడమంటే ఒక పూట పని. డబ్బుకు మరీ ఇబ్బంది లేదు, పిల్లలు పంపుతారు. (పబ్లిక్ సెక్టార్‌లో రిటైరైన వాళ్లకు ఈపీఎఫ్ పింఛను చెప్పుకోలేనంత తక్కువ. అది వేరే గొడవ.) లేనిదల్లా స్టూలెక్కి ట్యూబ్‌లైట్ మార్చే మనిషి.

బస్తీల్లో సంగతి వేరు. అక్కడ పక్కింటి వాళ్ల పలకరింపు ఇంకా ఉంది, డబ్బే లేదు. ప్రభుత్వాలు ఎక్కువగా పట్టించుకున్నది కూడా దాన్నే. 2014లో తెలంగాణ ప్రభుత్వ ఆసరా పింఛను కింద నెలకు 1,000 రూపాయలు, 2019లో 2,016. మిగతా సమస్యకు వృద్ధాశ్రమమే జవాబు అనుకున్నారు. ఆ చట్టంలోనే జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి చోటు అని రాశారు. ఇల్లు కదలకుండా ఉంటామనే వాళ్లకు ఏం చేయాలన్నది పోలీసు నియమాల్లో ఆ కొద్ది వాక్యాలకే పరిమితమైంది. అసలు పొరపాటు అక్కడే జరిగిందని నాకనిపిస్తుంది. కేసులు, బందోబస్తులు, ట్రాఫిక్‌తో సతమతమయ్యే స్టేషన్ చేతికి పలకరింపు పని అప్పగిస్తే ఏమవుతుంది? రిజిస్టరు మిగులుతుంది.

2017లో కొంచెం కదలిక వచ్చింది. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి, తెలంగాణ ప్రభుత్వ సహకారంతో హైదరాబాద్‌లో వృద్ధుల కోసం ఎల్డర్ లైన్ అనే హెల్ప్‌లైన్ మొదలుపెట్టాయి. ఫోన్‌లో సలహాతో ఆగకుండా అవసరమైతే మనిషిని పంపే ఏర్పాటు కూడా చేశారు. ఇక్కడ మొలకెత్తిన ఆ సర్వీసునే 2021 అక్టోబర్ 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు 14567 నంబరుతో దేశమంతటికీ ప్రారంభించారు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది.

ఆ రెండింటి నడుమే 2020 లాక్‌డౌన్ వచ్చింది. పనిమనిషి రాదు, మందుల షాపుకు వెళ్లే వీల్లేదు, అమెరికాలో పిల్లలకు ఒకటే టెన్షన్. అప్పుడు కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ పిలవకుండానే కుర్రాళ్లు ముందుకొచ్చారు. బీపీ మాత్రల చీటీ ఫొటో తీసి పంపితే గేటుకు సంచి తగిలించి వెళ్లేవాళ్లు. ఐటీ కంపెనీలు, పోలీసులు కలిసి నడిపే సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ కొవిడ్ కంట్రోల్ రూమ్ పెట్టింది. ఆఫీసులు తెరిచాక గ్రూపులు మళ్లీ గుడ్ మార్నింగ్ బొమ్మలకు తిరిగాయి. ఆపద వస్తే పరుగెత్తడం మనకు బాగానే వచ్చు. ఆపద లేని మంగళవారం నాడు వెళ్లడమే రాదు.

కానీ పనంతా ఆ మంగళవారాల్లోనే ఉంటుంది. పింఛను ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ సంగతే చూడండి. ఎనభై దాటిన ఆవిడకు వేలిముద్రలు అరిగిపోయాయి. మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటే. వేలికి కాస్త తడి చేసి, తుడిచి, మళ్లీ పెడతారు. అయినా పడదు. ఇప్పుడు ఫోన్‌లోనే ముఖం చూపించి పంపొచ్చు, కానీ యాప్ కళ్లార్పమంటుంది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని అలాగే ఉండిపోతారు. యాప్ ఒప్పుకోదు. "అమ్మమ్మా, మామూలుగా ఆర్పండి చాలు" అని పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉంటే ఐదు నిమిషాల పని. లేకపోతే ఆటో మాట్లాడుకుని బ్యాంకు దాకా వెళ్లాలి. దీనికి తోడు ఓటీపీ ఒకటి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని కొడుకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఎదురుగా కూర్చున్న వాలంటీరు ఆ "ఎవరికీ"లోకి వస్తాడా, రాడా?

నమ్మకం కుదరకపోతే ఇదేదీ నడవదు. కేరళలో 2001లో మొదలైన పొరుగువారి పాలియేటివ్ నెట్‌వర్క్, అంటే జబ్బు ముదిరిన వాళ్లకు బాధ తగ్గించే సేవ, నిలబడింది అందుకే. శిక్షణ తీసుకున్న వాలంటీర్లు ఆ ఊరివాళ్లే, ఖర్చుకు చిన్నచిన్న మొత్తాలు పోగేసేదీ ఊరివాళ్లే. 2008కి అక్కడి ప్రభుత్వం దాన్ని తన విధానంలోకి తీసుకుంది. హైదరాబాద్‌లో ఆ తీరు కొంతవరకు పాలియేటివ్ కేర్‌లోనే కనిపిస్తుంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ వాళ్లు రోగుల ఇళ్లకూ వెళ్తారు. కానీ అది జబ్బు ముదిరాక వచ్చే సాయం.

కాలనీల్లో ఇప్పుడు ఈ పని కాస్తో కూస్తో చేస్తున్నది ఎక్కువగా అరవైలలో ఉన్న కొత్త రిటైర్డ్ ఉద్యోగులే. వాకింగ్‌కు వెళ్తూ రెండిళ్ల గేట్లు తడతారు, మందుల డబ్బాలో నిన్నటి గడి ఖాళీ అయిందో లేదో చూస్తారు. ఏటీఎం కార్డు ముట్టుకోకూడదు, డబ్బు తెచ్చే పనికి ఒక్కరే వెళ్లకూడదు అని తమలో తామే కట్టుబాటు పెట్టుకుంటారు. స్టేషన్‌కో వాలంటీర్ల కమిటీ అని 2007 చట్టం నియమాల్లో రాసింది ఇలాంటి వాళ్ల కోసమే అయినా, స్టేషన్ దగ్గరున్న జాబితా వీళ్ల చేతికి రాలేదు.