‘ఇక్కడే పుట్టింది’: ఓర్కాల వివాదానికి అసలు మలుపు 1985

ఫ్రాన్స్‌లోని ఆంటిబ్ పట్టణంలో మెరీన్‌ల్యాండ్ పార్కు 2025 జనవరి 5న మూతపడింది. ఓర్కాలు (కిల్లర్ వేల్స్), డాల్ఫిన్లతో ప్రదర్శనలు నిషేధిస్తూ 2021లో చేసిన చట్టం 2026 డిసెంబరులో పూర్తిగా అమల్లోకి రావాలి. అంతదాకా ఆగకుండానే యాజమాన్యం తలుపులు వేసేసింది. టికెట్ల అమ్మకం ఆగింది గానీ ట్యాంకు ఖాళీ కాలేదు. వికీ అనే ఆడ ఓర్కా, దాని కొడుకు కేజో అందులోనే ఉండిపోయాయి. జపాన్‌కు పంపుతామంటే ఫ్రాన్స్ ప్రభుత్వం వద్దంది. టెనరిఫ్ దీవిలోని లోరో పార్కేకు పంపుదామంటే అక్కడి వసతులు వీటికి సరిపోవని స్పెయిన్ అధికారులు ఒప్పుకోలేదు.

అదే ఏడాది అక్టోబరులో కెనడాలో ఇంకో గొడవ. నయాగరా జలపాతం దగ్గర మెరీన్‌ల్యాండ్ అనే పేరుతోనే ఉన్న మరో పార్కు (రెండింటికీ సంబంధం లేదు) తన దగ్గరున్న 30 బెలూగా తిమింగలాలను చైనాకు పంపేందుకు అనుమతి అడిగింది. అక్కడా వాటిని ప్రదర్శనకే పెడతారు కాబట్టి కుదరదని మత్స్యశాఖ మంత్రి జోఆన్ థాంప్సన్ తిరస్కరించారు. మేపడానికి డబ్బు లేదు, ప్రభుత్వం ఆదుకోకపోతే వాటిని చంపేయక తప్పదని పార్కు జవాబిచ్చింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా, సెలవుల్లో పిల్లల్ని సముద్ర జంతువుల పార్కుకు తీసుకెళ్దామనుకునే కుటుంబాల్లో పాత చర్చే మళ్లీ మొదలవుతుంది. వెళ్లడం తప్పా? చాలాసార్లు ఆ చర్చ ఒకే మాట దగ్గర ఆగిపోతుంది: ‘అవి అక్కడే పుట్టాయట, సముద్రం అంటే ఏంటో వాటికి తెలియదట, వదిలితే బతకవట.’ పార్కు గైడు మైకులో చెప్పే మాట ఇది. అబద్ధమేమీ కాదు. అయితే ఆ మాట నిజం కావడానికి ఒక చరిత్ర ఉంది.

2010లో అమెరికాలోని ఓర్లాండోలో తిలికుమ్ అనే ఓర్కా తన ట్రైనర్ ప్రాణం తీయడం, 2013లో దాని మీద డాక్యుమెంటరీ రావడం, ఆ తర్వాత ఆ పార్కును నడిపే సీవరల్డ్ కంపెనీకి జనం తగ్గడం పదేపదే చెప్పుకున్న సంగతులే. 1960ల్లో పిల్ల ఓర్కాలను వలల్లో చుట్టుముట్టి తల్లుల ఎదుటే లాక్కెళ్లిన కథలూ అంతే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే వీటి మధ్యలో ఉన్న, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ఏడాదికి వెళ్లాలి. అది 1985.

అప్పటికి పార్కులకు సరుకు అందే దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. 1976 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బడ్ ఇన్‌లెట్ అనే చోట విమానం, పేలుడు మందు వాడి ఓర్కాలను తరుముతుంటే, గవర్నరు డాన్ ఎవాన్స్ దగ్గర పనిచేసే రాల్ఫ్ మన్రో తన పడవలోంచి కళ్లారా చూశారు. రాష్ట్రం కోర్టుకెక్కింది. ఇక ఆ రాష్ట్ర జలాల్లో వేట మానేస్తామని సీవరల్డ్ ఒప్పుకుంది. దాంతో వలలు ఐస్‌లాండ్ సముద్రానికి మారాయి. సొంత దేశంలో ఇంకో ప్రయత్నం 1983లో జరిగింది. అలాస్కా, కాలిఫోర్నియా తీరాల్లో 100 ఓర్కాల దాకా పట్టి పరీక్షించి, వాటిలో 10 ఉంచుకోవడానికి కంపెనీ ప్రభుత్వ అనుమతి సంపాదించింది. పర్యావరణంపై ప్రభావం అంచనా వేయకుండా అనుమతి ఎలా ఇచ్చారంటూ కోర్టు 1985లో దాన్ని కొట్టేసింది.

ఆ ఏడాదే సెప్టెంబరు 26న ఓర్లాండో సీవరల్డ్‌లో కలీనా పుట్టింది. ట్యాంకులో పుట్టి బతికి బట్టకట్టిన మొదటి ఓర్కా పిల్ల అదే. అంతకుముందు కాలిఫోర్నియాలో కోర్కీ అనే ఓర్కా 1977లో ఈనిన పిల్ల 16 రోజులే బతికింది. ఆ తల్లికి తర్వాత పుట్టినవీ దక్కలేదు. అందుకే కలీనా పుట్టుక పెద్ద వార్త అయింది. ‘బేబీ షాము’ అని పేరు పెట్టి ఊరూవాడా ప్రచారం చేశారు. షాము అన్నది 1965లో పట్టుకొచ్చిన ఓర్కా పేరు. అది 1971లో చనిపోయినా పేరు మాత్రం వేదిక మీద ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు మారుతూ వచ్చింది. ప్రేక్షకుల లెక్కలో షాము చావనే లేదు. ఇప్పుడు దానికి పాపాయి కూడా పుట్టింది!

కుటుంబాలతో నడిచే వ్యాపారానికి ఇంతకంటే ఏం కావాలి? నిన్నటిదాకా వల పట్టుకుని నిలబడ్డ కంపెనీ ఒక్క కాన్పుతో మంత్రసానిగా మారిపోయింది. వేట అనే మాట పోయి ‘సంరక్షణలో సంతానోత్పత్తి’ వచ్చింది. తల్లి పక్కన ఈదుతున్న పిల్లను చూపిస్తూ తల్లిదండ్రులు తమ పిల్లలకు చెప్పుకోవడానికి ఒక తియ్యటి కథ దొరికింది. ఆ కథలో నేరమూ లేదు, నేరస్థుడూ లేడు.

కలీనా పుట్టుకను కొంచెం దగ్గరగా చూస్తే మాత్రం సంబరం పలచబడుతుంది. తల్లి కటీనాను 1978లో ఐస్‌లాండ్ దగ్గర, అంటే అట్లాంటిక్‌లో పట్టారు. తండ్రి విన్‌స్టన్‌ను 1970లో పసిఫిక్ తీరంలో, వాషింగ్టన్ రాష్ట్రపు పెన్ కోవ్ దగ్గర పట్టారు. ఈ రెండు గుంపులూ సముద్రంలో ఎన్నడూ ఎదురుపడవు. తండ్రి వైపు వారిది ప్రధానంగా సాల్మన్ చేపల మీద బతికే గుంపు. ఓర్కాల్లో ప్రతి గుంపుకూ తనదైన కూత, తనదైన వేట పద్ధతి ఉంటాయి, వాటిని తల్లి దగ్గరే నేర్చుకోవాలి. కలీనా ఏ సముద్రానిదీ కాదు. దాని కూతను తనవారి కూతగా గుర్తుపట్టే గుంపు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. ‘వదిలితే బతకదు’ అన్న వాదన పుట్టింది ఆ కాన్పులోనే.

తర్వాత జరిగింది పుస్తకంలో లెక్కలు రాసుకున్నట్టే ఉంటుంది. కలీనాను నాలుగేళ్ల ప్రాయంలో తల్లి నుంచి విడదీసి కంపెనీకే చెందిన వేరే పార్కుకు, అక్కడి నుంచి ఇంకోదానికి తిప్పారు. ఎనిమిదేళ్లు నిండకముందే అది తల్లి అయింది. సముద్రంలో ఆడ ఓర్కాకు తొలి కాన్పు సాధారణంగా 12 ఏళ్లు దాటాకే. దాని మొదటి పిల్ల కీట్‌ను రెండేళ్లైనా నిండకముందే వేరు చేశారు. పసిఫిక్ తీరపు ఓర్కా గుంపుల్లో కొడుకులు ముసలివయసు వచ్చినా తల్లిని వదిలిపోరన్నది దశాబ్దాలుగా పరిశోధకులు నమోదు చేస్తున్న విషయం. కలీనా 2010 అక్టోబరులో చనిపోయింది. వయసు 25. సముద్రంలో ఆడ ఓర్కాలు 50 ఏళ్లు దాటడం అరుదేమీ కాదు, కొన్ని 80 దాకా కూడా బతుకుతాయి.

2001లో ఇంకో మెట్టు ఎక్కారు. శాన్ డియెగోలో నకాయ్ అనే పిల్ల పుట్టింది. కృత్రిమ గర్భధారణతో పుట్టిన తొలి ఓర్కా అది. తండ్రి ఓర్లాండోలో ఉన్న తిలికుమ్. ఇక జంతువును మోసుకెళ్లాల్సిన పని లేదు, వీర్యాన్ని పంపితే చాలు. అప్పటికే ఇద్దరి మరణాలతో ముడిపడిన తిలికుమ్‌కు మొత్తం 21 మంది సంతానం. వాటిలో దాదాపు సగం దానికంటే ముందే పోయాయి. 2006లో పుట్టిన నలానీ సంగతి చెప్పడానికి నోరు రాదు గానీ, చెప్పక తప్పదు. దాని తల్లి కటీనా, తండ్రి కటీనా కొడుకు తాకు. సముద్రంలో తల్లీకొడుకులు జీవితాంతం కలిసే ఉంటాయి, అయినా ఇలా జరగడం చాలా అరుదు.

పార్కుల వాదనకూ బలం లేకపోలేదు. 1960లకు ముందు ఓర్కా అంటే జాలర్లకు శత్రువు. పట్టుబడ్డ వాటిలో కొన్నింటి ఒంటి మీద తుపాకీ గుండ్ల గాయాలు ఉండేవి. జనం వాటిని ప్రేమించడం మొదలుపెట్టింది పార్కుల వల్లేనన్నది నిజమే. గర్భం, పాలివ్వడం, ఆరోగ్య పరీక్షల గురించి తెలిసినదాంట్లో చాలా భాగం ట్యాంకుల్లోని జంతువుల నుంచే వచ్చింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సీల్‌లను, మనటీలనే సముద్రపు ఆవులను ఆ సిబ్బందే కాపాడుతుంటారు. ట్రైనర్లలో చాలామందికి ఆ జంతువులంటే ప్రాణం, దాన్ని శంకించనక్కర్లేదు.

అయినా సీవరల్డ్‌కు నిజంగా ఎక్కడ నొప్పి పుట్టిందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 2015 అక్టోబరులో శాన్ డియెగోలో ట్యాంకులను పెద్దవి చేస్తాం, 10 కోట్ల డాలర్లు పెడతాం అని కంపెనీ కాలిఫోర్నియా తీర కమిషన్ ముందుకు వెళ్లింది. కమిషన్ సరేనంది. ప్రధాన షరతు, ఇకపై అక్కడ ఓర్కాలకు సంతానం ఉండకూడదు. కోరుకున్న ట్యాంకు దక్కినా కంపెనీ కోర్టుకు వెళ్లింది! పిల్లల్ని కనే సహజ హక్కును జంతువులకు లేకుండా చేయడం అమానుషమని వాదించింది. వీర్యాన్ని సీసాల్లో పంపి పిల్లల్ని పుట్టించిన సంస్థ నోట సహజ హక్కు మాట! ట్యాంకు కొలతల మీద, ప్రదర్శనల మీద, ట్రైనర్లు నీళ్లలోకి దిగడం మీద ఎంతకాలమైనా బేరమాడొచ్చు. కాన్పులు ఆగితే మాత్రం ఆ వ్యాపారానికి ముగింపు తేదీ పడినట్టే. ఆ సంగతి యాజమాన్యానికి అందరికంటే బాగా తెలుసు.

ఆరు నెలలు తిరక్కముందే, 2016 మార్చి 17న, కంపెనీ తనంతట తానే ఓర్కాల సంతానోత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియా దాన్ని చట్టంగా చేసింది. ప్రకటన నాటికి గర్భంతో ఉన్న తకారా 2017 ఏప్రిల్‌లో ఈనింది. క్యారా అనే ఆ చివరి పిల్ల మూడు నెలలే బతికింది.

ఆపడం మంచిదే. అప్పటికే పుట్టినవాటి సంగతేంటి? పార్కులు ఇక్కడ కేకో అనే ఓర్కా కథ ఎత్తుతాయి. 1979లో ఐస్‌లాండ్‌లో పట్టుకున్న కేకోను 1998లో తిరిగి అక్కడికే చేర్చారు. 2002లో అది తనంతట తానే నార్వే దాకా ఈదింది. 2003 డిసెంబరులో న్యుమోనియాతో చనిపోయింది. చివరిదాకా మనుషుల దగ్గరికే వచ్చింది, ఏ గుంపులోనూ కలవలేదు, కాబట్టి ప్రయోగం విఫలమైందంటారు. ఐదేళ్లకు పైగా అది సముద్రపు నీటిలో గడిపిందన్న సంగతి ఆ వాదనలో వినిపించదు. ఎలా చూసినా కేకో పట్టుకొచ్చిన ఓర్కా, అది వెళ్లాల్సిన సముద్రం ఫలానాదని తెలుసు. కోర్కీ పుట్టిన గుంపు కూడా కెనడా పశ్చిమ తీరంలో తిరుగుతూ కనిపిస్తూనే ఉంది. వికీ అలా కాదు. 2001లో ఆంటిబ్ ట్యాంకులోనే పుట్టింది. తల్లిదండ్రులు ఐస్‌లాండ్ నుంచి తెచ్చినవి. కేజో రెండో తరం. వీటిని బయటి సముద్రంలోకి వదలమని గట్టి ఉద్యమకారులు కూడా అడగడం లేదు. తీరంలో వల కట్టిన విశాలమైన సముద్రపు ఆవరణ కావాలంటున్నారు. కెనడాలోని నోవా స్కోషియాలో అలాంటిదానికి చోటు ఎంచుకున్నారు. ఏళ్ల తరబడి అనుమతులు, డబ్బు పోగేయడంలోనే అది నలుగుతూ వచ్చింది.

నయాగరా బెలూగాలదీ ఇదే చిక్కు. సంతానోత్పత్తిని, వినోదం కోసం కొత్తవాటిని ఉంచుకోవడాన్ని కెనడా 2019లో నిషేధించింది. ఉన్నవి ఉన్నచోటే ఉండొచ్చని మినహాయించింది. ఆ మినహాయింపు చట్టసభలో సులువుగా కనిపించి ఉంటుంది. పార్కు దివాళా అంచుకు వస్తే ఏం చేయాలో అందులో లేదు. 2021లో ఐదు బెలూగాలను అమెరికాలోని మిస్టిక్ అక్వేరియానికి పంపితే వాటిలో మూడు చనిపోయాయి.

ఈ తలనొప్పి రాకముందే దారి మూసేసిన దేశం ఒకటుంది. 1998లో చెన్నైలోని ఒక పార్కుకు తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. తర్వాత పలు రాష్ట్రాల్లో డాల్ఫిన్ పార్కుల ప్రతిపాదనలు లేచినా, 2013 మేలో కేంద్ర జూ అథారిటీ వేటికీ అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. ఇప్పుడు మనకు చోటు వెతకాల్సిన డాల్ఫిన్ ఒక్కటీ లేదు.

చైనా అందుకు పూర్తిగా ఎదురు దిక్కున వెళ్తోంది. సీవరల్డ్ ఆపేసిన మరుసటి ఏడాదే, 2017 ఫిబ్రవరిలో, రష్యా సముద్రంలో పట్టిన తొమ్మిది ఓర్కాలతో జుహైలో సంతాన కేంద్రం తెరిచారు. అమెరికాలోనూ 2016 నాటి హామీ ఓర్కాలకే పరిమితం. అవే పార్కుల్లో డాల్ఫిన్లకు అది వర్తించదు. ఓర్కా పిల్లలు లేని లోటు తీర్చడానికి కుటుంబాలకు చూపించేది ఇప్పుడు వాటి పిల్లలనే. బాటిల్‌నోస్ డాల్ఫిన్ ఆయుష్షు 40 ఏళ్లు దాటొచ్చు. ఈ ఏడాది పుట్టే పిల్ల 2060ల దాకా బతకొచ్చు, అప్పటికి ఈ పార్కుల్లో ఎన్ని తెరిచి ఉంటాయో ఎవరూ హామీ ఇవ్వలేరు.