క్వీర్ ప్రేమ వేరు, వెంటపడే పిచ్చి వేరు

ఫిల్మ్ క్లబ్‌లో సినిమాలు ఎంపిక చేయడం, షో అయ్యాక చర్చ నడపడం నా పని. క్వీర్ ప్రేమ, అంటే స్వలింగ ప్రేమలాంటి, మామూలు ఆడామగా మూసలో ఇమడని ప్రేమ మీద ఆర్ట్ సినిమా వేసిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: "వీళ్ల ప్రేమలు ఇంతే, చివరికి పిచ్చిలోకే దిగుతాయి." అపోహల్లోకెల్లా ఎక్కువ నష్టం చేసేది ఇదే.

హిచ్‌కాక్ 1958లో తీసిన 'వెర్టిగో'లో హీరో ఒకామెను, చనిపోయిందనుకున్న మరొకామెలా కనిపించమని జుట్టు రంగుతో సహా మార్పిస్తాడు. అది చూసి ఆడామగా ప్రేమే జబ్బని ఎవరూ అనరు. అదే పని గే పాత్ర చేస్తే మాత్రం నింద గేలందరి మీదా పడుతుంది. దీనికి వెనక చరిత్ర ఉంది. సినిమాల్లో ఏం చూపకూడదో చెప్పే హేస్ కోడ్ అనే నియమావళి 1934 నుంచి గట్టిగా అమలైంది. దానివల్ల హాలీవుడ్‌లో స్వలింగ ప్రేమను నేరుగా చూపే వీల్లేకపోయింది. 1961లో కాస్త సడలించినా, అలాంటి పాత్రలకు చాలావరకు చావే రాసేవారు. 1968లో కోడ్ పోయింది గానీ, దాంతోపాటు మన చూపు మారలేదు.

తెర మీద ఉన్నది ప్రేమో, వ్యామోహమో తెలియాలంటే కెమెరా ఎవరి వైపు నుంచి చూస్తోందో గమనించండి. వెనకనుంచి మెడ, తలుపు సందులోంచి భుజం, అద్దంలో సగం ముఖం... ఇలా ఒకరే చూస్తూ, రెండోవారి చూపు మనకు అసలు దొరకలేదంటే దర్శకుడు మనల్ని వ్యామోహంలో కూర్చోబెట్టాడన్నమాట. అది ఇద్దరి ప్రేమ కాదు.

ఒకసారి అందరూ వెళ్లాక ఒక కుర్రాడు ఆగి, "సార్, నేనూ ఇలాగే తయారవుతానా?" అని అడిగాడు. గొంతు వణుకుతోంది. అప్పుడే చూసిన సినిమాలోంచి ఒక సీన్ మళ్లీ వేసి చూపించాను. ఒకతను తలుపు మూయబోతాడు, ప్రేమిస్తున్నానన్నవాడు కాలు అడ్డం పెడతాడు. "తప్పు ఆ కాలు పెట్టడంలో ఉంది బాబూ, మగవాణ్ని ఇష్టపడటంలో లేదు" అన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇలాంటివి చూస్తే గేలైపోతారా? అవ్వరు. స్వలింగ ప్రేమ జబ్బా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. కొత్త ఫ్యాషనా? జర్మనీలో 1919లోనే ఒక గే సంగీతకారుడి కథ తెరకెక్కింది.

మీ పిల్లలు ఇలాంటి సినిమా చూసి మౌనంగా ఉంటే టెన్షన్ పడి ఫోన్ లాక్కోకండి. ఏ పాత్రను చూస్తే బాధనిపించిందో అడగండి, చెప్పేది చివరిదాకా వినండి.