చిరునామా లేని ఎంజైములు

1967లో లెరాయ్, డిమార్స్ అనే శాస్త్రవేత్తలు ఒక అరుదైన జబ్బున్న పిల్లల చర్మకణాలను మైక్రోస్కోపులో చూశారు. కణం నిండా నల్లటి ముద్దలు! ఆ ముద్దల (ఇంగ్లీషులో ఇన్‌క్లూజన్ల) వల్లే దానికి ఐ-సెల్ జబ్బు అని పేరొచ్చింది.

ముద్దలంటే అరగని చెత్త. పాతబడ్డ ప్రోటీన్లనీ కొవ్వులనీ కణంలో అరిగించేది లైసోజోమ్. అందులో అరవై దాకా ఎంజైములుంటాయి. ఈ పిల్లల కణాల్లో వాటిలో చాలావాటికి కరువే. ఒక్క ఎంజైము లేదంటే దాని జన్యువు చెడిందనుకోవచ్చు, ఒకేసారి ఇన్నెలా పోతాయి? అసలు అవి పోనేలేదు. రక్తంలో మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తిరుగుతున్నాయి. కణం వాటిని తయారుచేసి, లైసోజోముకు పంపకుండా బయటికి వదిలేస్తోంది.

1972లో ఎలిజబెత్ న్యూఫెల్డ్, హిక్‌మన్ చేసిన పరీక్ష ఎంత తేలికైనదో అంత పదునైనది. ఆరోగ్యంగా ఉన్న కణాలు విడిచిన ఎంజైములను ఇస్తే రోగి కణాలు తీసుకున్నాయి. రోగి కణాలు విడిచినవాటిని మాత్రం వేరే కణాలు ముట్టలేదు. అంటే తీసుకునే కణానిది తప్పు కాదు, ఎంజైము మీద ఉండాల్సిన చిరునామాయే లేదు. ఆ చిరునామా మానోజ్-6-ఫాస్ఫేట్, అంటే ఫాస్ఫేట్ తగిలించిన ఒక చక్కెర అని 1977లో తేలింది.

ఎంజైము తయారవుతూనే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే, కణంలోని పొరల వలలోకి దూరుతుంది. చక్కెర గొలుసులు తగిలేది అక్కడే. తర్వాత చిన్న పొర సంచుల్లో గాల్జీకి, అంటే ప్రోటీన్లను వేరుచేసి పంపే కణభాగానికి చేరుతుంది. గాల్జీలో ఫాస్ఫోట్రాన్స్‌ఫెరేజ్ అనే మరో ఎంజైము, వచ్చిన వందల రకాల ప్రోటీన్లలో లైసోజోముకు వెళ్లాల్సినవాటినే పోల్చుకుని ఫాస్ఫేట్ గుర్తు వేయడం మొదలుపెడుతుంది. ఐ-సెల్ జబ్బులో చెడింది ఇదొక్కటే. గుర్తున్నవాటిని గాల్జీ చివర గ్రాహకాలు (ఆ గుర్తును పట్టే ప్రోటీన్లు) పట్టుకుంటాయి, క్లాత్రిన్ అనే ప్రోటీన్ తొడుగున్న సంచులు మోసుకుపోతాయి. లైసోజోముకు వెళ్లే దారిలోని ఎండోజోమ్ అనే సంచిలో ఆమ్లత్వం పెరగగానే గ్రాహకం పట్టు వదిలి మళ్లీ గాల్జీకి వస్తుంది. గుర్తు లేనివి స్రావాలతో కలిసి బయటికి పోతాయి.

ఇవే గ్రాహకాలు కొన్ని కణం పైపొర మీదా ఉండి, బయటున్న ఎంజైములను లోపలికి తీసుకుంటాయి. పాంపే జబ్బు చికిత్స వీటి మీదే ఆధారపడింది. కండరాల్లో గ్లైకోజన్ అనే నిల్వ పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము లేనివాళ్లకు దాన్ని రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కిస్తారు. కండర కణాలపై ఈ గ్రాహకాలు తక్కువ కాబట్టి ఎక్కించిన మందులో చాలాభాగం కండరాలకు అందదు. అందుకే 2021లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త మందులో అదే ఎంజైముకు మానోజ్-6-ఫాస్ఫేట్ గుర్తులు మరిన్ని తగిలించారు.